పోర్చుగీసు ధనవ్యవహార పదములు – విజయనగర చరిత్రాధ్యయనము

విజయనగర సామ్రాజ్య చరిత్రమునకు శాసనములు, కావ్యములు, కైఫీయతులు ఎంత ముఖ్యములో డొమింగో పాయెస్, ఫెర్నావ్ నూనిజ్‌ల వృత్తాంతములును అంత ముఖ్యములని వేఱుగ చెప్ప నక్కఱలేదు. పాయెస్ 1520 ప్రాంతమున శ్రీకృష్ణదేవరాయల రాజధానిని కన్నులార చూచెను. గుఱ్ఱముల వర్తకుడని చెప్పబడు నూనిజ్ అచ్యుతదేవరాయల కాలమున, 1535 ప్రాంతమున, తన వృత్తాంతమును రచించెను. రెండును పోర్చుగీసు భాషలోనివి. పారిస్ గ్రంథాలయమునందలి వ్రాతప్రతినుండి వీనిని 1897లో డేవిడ్ లోపెష్ లిస్బన్ నగరమున ప్రకటింపగా, 1900లో రాబర్టు సూయెల్ తన ప్రసిద్ధ గ్రంథమున ఇంగ్లీషులోనికి తెచ్చెను. మన పరిశోధకులు చాలవఱకు ఆ ఇంగ్లీషు పుటలను చదివియే తృప్తిపడుచున్నారు. యుద్ధవర్ణనలకు, ఉత్సవవర్ణనలకు ఇది చాలునేమో కాని, రాజ్యాదాయము, నాయకుల కప్పము, నాణెముల విలువ అను విషయములకు వచ్చునప్పటికి ఈ తృప్తి మనలను పెద్ద చిక్కులలో పడవేయుచున్నది. ధనమునకు సంబంధించిన మాటలు అనువాదమున తమ తూకమును కోల్పోవును.

పోర్చుగీసు నేర్చుకొనగోరు విద్యార్థులకు ఇప్పుడు లభించు వాచకములలో బ్యాంకు, ఖాతా, వడ్డీ, పొదుపు, అప్పు అను అర్థములుగల పదముల పట్టిక యొకటి తప్పక యుండును. విద్యార్థులు దానిని నీరసముగా వల్లించి పరీక్ష ముగియగనే మఱచుచున్నారు. ఆ పట్టికలోని పదములను చరిత్రతో జతపఱచి నేర్చినచో అవియే పదునాఱవ శతాబ్దపు పత్రములకు తాళపుచెవు లగునని చూపుటయే ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని.

ముందుగా ఉచ్చారణను గూర్చి ఒక్క మాట. పదాంతమున నున్న ఓకారమును లిస్బన్ వారును, చాలవఱకు బ్రెజిలు వారును ఉకారముగా పలుకుదురు. కావున వారి 'బంకు' మన 'బ్యాంకు'నకు వినుటకు మిగుల చేరువ. ఖాతాకు వారి పదము 'కొంత'. తెలుగు విద్యార్థికి ఇది ఒకింత నవ్వు పుట్టించును. బ్యాంకులో 'కొంత' గలవాడనగా ధనము కొంత గలవాడని కాదు, ఖాతా గలవాడని మాత్రమే అర్థము.

రెండు భాషల నడుమ పదముల రాకపోకలను పరిశీలించినచో ఒక విశేషము గోచరించును. పోర్చుగీసునుండి తెలుగునకు వచ్చిన మాటలు మిక్కిలిగా ఇంటికి, పనికి సంబంధించినవి: అలమార, బాల్చి, తువాలు, సబ్బు, పీపా, ఇస్త్రీ, మేస్త్రి, ఆయా, అనాస. ధనమునకు సంబంధించిన మాటల దారి దీనికి వ్యతిరేకము. అవి మన దేశమునుండి వారి భాషలోనికి పోయినవి: పర్దావు, ఫనావ్, కైష, తంగ, షరాఫు, చతిం. కారణము దూరముగా వెదక నవసరము లేదు. పోర్చుగీసువారు కొత్త వస్తువులను తెచ్చిరి, వానితో పేరులును వచ్చెను. కాని నాణెములు, తూకములు, షరాబుల అంగళ్లు వారు వచ్చునాటికే ఇచ్చట వేళ్లు పాతుకొని యుండెను. మిరియములు కొనవచ్చినవాడు అమ్మువాని లెక్కను నేర్వవలసినదే కదా. తెలుగున ధనవ్యవహారమునకు మనము ఎరువు తెచ్చుకొన్న మాటలు బాకీ, జామీను, రసీదు, షరాబు మున్నగునవి పారసీ అరబ్బీ మూలములనుండి వచ్చినవి. మన 'రసీదు'నకును పోర్చుగీసు 'రెసీబు'నకును అర్థ మొకటియే. ధ్వనియు కొంత కలియును. అంతమాత్రమున ఒకటి మఱియొకదానినుండి పుట్టెనని తలచుట పొరపాటు. మొదటిది పారసీ, రెండవది లాటిను సంతతి.

ఈ సూత్రమునకు పెద్ద అపవాద మొకటి కలదు. అది 'వేలము'. బహిరంగముగా పాడి అమ్ముటకు పోర్చుగీసు పదము 'లెయిలావ్'. అది అరబ్బీలో ప్రకటన యను అర్థము గల పదమునుండి వచ్చినది. హిందీ 'నీలాం', తమిళ 'ఏలం', మన 'వేలము' ఈ పోర్చుగీసు పదమునకే రూపాంతరములని భాషావేత్తల నిర్ణయము. ఇది ఒక్కటి మాత్రము వారినుండి మనకేల వచ్చినదన్న ప్రశ్నకు మాకు తోచిన సమాధాన మిది: నాణెము మనది, వేలము వేయు పద్ధతి వారిది. గోవా నగరపు ప్రధాన వీధిలో ప్రతిదినము ఉదయమున వేలము జరుగుచుండెనని 1580లలో అచ్చట నివసించిన డచ్చివాడు లిన్‌స్హోటెన్ వర్ణించినాడు.

ఇక పర్దావు. ఈ ఒక్క పదమును సరిగా గ్రహించుటపై విజయనగరపు ఆదాయగణన మంతయు ఆధారపడి యున్నది గనుక దీనిని కొంత విపులముగ చర్చింపవలసి యున్నది.

'పర్దావు' అనునది సంస్కృత 'ప్రతాప' శబ్దభవ మనుటలో వివాదము లేదు. విజయనగర రాజుల బిరుదులలోను, వారి నాణెములపైనను ప్రతాపశబ్దము కనబడును. 1443లో ప్రౌఢదేవరాయల కొలువునకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ ఇచ్చటి నాణెముల పట్టికను ఇచ్చినాడు. అతని లెక్కలో వరాహ మొదటిది. ప్రతాపము అందులో సగము. పణము ప్రతాపమున పదియవ వంతు. వెండి తార పణమున ఆఱవ వంతు. ఇది చదివిన విద్యార్థి సహజముగా ఏమనుకొనును? పర్దావు ప్రతాపమే గనుక, ప్రతాపము అరవరాహయే గనుక, పోర్చుగీసు రచయితలు పర్దావులలో చెప్పిన మొత్తములనెల్ల సగము చేసినచో వరాహలు వచ్చునని తలచును. వ్యుత్పత్తి సరియే, లెక్క మాత్రము తప్పు.

పాయెస్ తన పర్దావు విలువను స్వయముగ చెప్పియున్నాడు: ఒక్కొక్కటి 360 రెయిష్‌లు. రెయిష్ అనునది నాటి పోర్చుగలు దేశపు గణకద్రవ్యము. అదే కాలమున పోర్చుగీసువారి బంగారు నాణెమైన క్రుజాదు 1517 మొదలు 400 రెయిష్‌లకు చెల్లుచుండెను. క్రుజాదు తూకము సుమారు మూడున్నర గ్రాములు. బంగారము దాదాపుగా మేలిమి. ఆ లెక్కను 360 రెయిష్‌లకు సుమారు 3.15 గ్రాముల మేలిమి బంగారము రావలెను. విజయనగర వరాహ తూకము సుమారు 3.4 గ్రాములు, అందు కొంత మిశ్రలోహము. అరవరాహ తూకము 1.7 గ్రాములు మాత్రమే. పాయెస్ చెప్పిన నాణెము ఏదియో ఇప్పుడు వేఱుగ చెప్ప నక్కఱలేదు. అది పూర్తి వరాహ. అరవరాహ పేరును పోర్చుగీసువారు పూర్తి వరాహకు అంటగట్టిరి. విదేశీయుల నోట నాణెముల పేరులు ఇట్లు జరిగిపోవుట చరిత్రలో క్రొత్త కాదు.

చిక్కు ఇంతటితో తీరలేదు. గోవాలో ముద్రింపబడిన షెరఫిం అను వెండి నాణెమునకును కాలక్రమమున పర్దావు పేరే వచ్చెను. షెరఫిం శబ్దము బంగారు అష్రఫీనుండి పుట్టినది. పేరు బంగారమునకు, వస్తువు వెండికి! దాని విలువ 5 తంగలు, అనగా 300 రెయిష్‌లు. లిన్‌స్హోటెన్ నాటికి గోవా అంగడిలో 'పర్దావు షెరఫిం' అను జంటపేరు వాడుకలో నుండెను. కావుననే జాగ్రత్తగల రచయితలు 'బంగారు పర్దావులు' అని విశేషణముతో వ్రాయుదురు. ఆ విశేషణము అలంకారార్థము వేసినది కాదు. అది లేని చోట పాఠకుడు ఆగి, రచనాకాలమును, స్థలమును విచారింపవలెను. పదునాఱవ శతాబ్దపు తొలిపాదమున హంపిలో వ్రాసిన పర్దావునకును, శతాబ్దాంతమున గోవాలో వ్రాసిన పర్దావునకును నామసామ్యము తప్ప వేఱు సంబంధము తక్కువ.

బంగారు వరాహకు పోర్చుగీసువారు వాడిన మఱియొక పేరు 'పగోద్'. దేవాలయమునకును, దేవతా విగ్రహమునకును వారు వాడిన మాటయే ఇది. నాణెముపై దేవతామూర్తి యుండుటచే నాణెమునకును సంక్రమించెను. ఇంగ్లీషువారు దీనినే గ్రహించి చెన్నపట్టణపు లెక్కలలో స్థిరపఱచిరి. అచ్చట 80 కాసులు ఒక పణము, 42 పణములు ఒక పగోడా. మన పెద్దలు మాత్రము వరాహయనియే పిలుచుచు వచ్చిరి.

'ఫనావ్' పణమే. బహువచనమున 'ఫనోయిష్' అగును. ఈ బహువచనరూపమును ఎఱుగక వ్రాతప్రతులలో రెండు వేర్వేఱు నాణెములని భ్రమపడు ప్రమాదము కలదు. 'కైష' విషయము మఱింత వింతయైనది. లాటినులో పెట్టెకు గల పేరునుండి పుట్టిన 'కైష' పోర్చుగీసులో పెట్టె, నగదు పెట్టె, నగదు పుచ్చుకొను గుమాస్తా, తుదకు పొదుపు బ్యాంకు అను అర్థములను పొందినది. పదునాఱవ శతాబ్దమున దక్షిణదేశమునకు వచ్చిన పోర్చుగీసువారు ఇచ్చటి చిన్న నాణెమైన 'కాసు'ను విని దానినిగూడ 'కైష' అని వ్రాసిరి. ఇట్లు రెండు వంశములనుండి వచ్చిన రెండు మాటలు ఒకే వర్ణక్రమమున కలిసిపోయినవి. నేటి లిస్బన్ బ్యాంకులోని కైష లాటిను బిడ్డ. పాతపత్రములలో పణముల ప్రక్కన నుండు కైష మన కాసు. ఇంగ్లీషున నగదునకు గల మాటకును, కాసునకు గల మాటకును ఇదే కలయిక సంభవించినది.

'షరాఫు' మన షరాబు. ఇది అరబ్బీనుండి రెండు భాషలకును విడివిడిగ చేరినది. 'చతిం' మాత్రము మనస్సును కలచివేయు పదము. ఇది దక్షిణదేశపు 'శెట్టి', 'చెట్టి' శబ్దమునకు పోర్చుగీసు రూపము. తొలుత దేశీయ వర్తకుడను అర్థముననే ప్రయోగింపబడినది. క్రమముగ ఆ భాషలో అది మోసపు బేరగాడను అర్థమునకు దిగజాఱినది. నీచముగ బేరమాడుటకు దానినుండి ఒక క్రియాపదమును పుట్టినది. బేరమున తమకు లొంగని వారిని నిందించుట కొనువారి అలవాటు కావచ్చును. నిఘంటువులోని ఈ అర్థమును మన శ్రేష్ఠుల చరిత్రకు ప్రమాణముగ గైకొనరాదు. పోర్చుగీసు అధికారుల మనస్తత్త్వమునకు ప్రమాణముగ గైకొనవచ్చును.

ఇక 'రెంద', 'రెందేరు' అను జంటను చూతము. రెంద యనగా తిరిగివచ్చునది. ఆదాయము, అద్దె, కౌలు. నేటి బ్రెజిలులో ఆదాయపు పన్నునకు పేరు 'రెంద' మీది పన్ను. రెందేరు యనగా ఆ ఆదాయమును గుత్తకు పుచ్చుకొన్నవాడు. నాటి పోర్చుగలు రాజు సుంకములను, రాజభూముల రాబడిని నిర్ణీత మొత్తమునకు రెందేరులకు గుత్తకిచ్చుట వాడుక. అతడు రాజునకు ఒప్పుకొన్న మొత్తమును చెల్లించి మిగిలినది తాను తినును. తగ్గినచో తానే భరించును. నూనిజ్ విజయనగర నాయకులను వర్ణించుచు, వీరు రాజునుండి భూమి నంతయు పొందిన గుత్తదారుల వంటివారని చెప్పినాడు. ఈ భూముల రాబడి 120 లక్షలనియు, అందు 60 లక్షలు రాజునకు చెల్లించి తక్కినది సైనికుల జీతములకు, ఏనుగుల పోషణకు ఉంచుకొందురనియు వ్రాసినాడు. నాయకుల పట్టికలో ఒకనికి 11 లక్షల బంగారు పర్దావుల ఆదాయము కలదనియు, అందు మూడవ వంతు రాజునకు చెల్లించవలెననియు చెప్పినాడు.

ఇందు 'వంటివారు' అను మాటను మనము మఱువరాదు. నూనిజ్ నాయకులను గుత్తదారులనలేదు, గుత్తదారుల వంటివారనినాడు. తన దేశపు పాఠకునకు తెలిసిన సంస్థతో పోల్చి చెప్పినాడు. తరువాతి చరిత్రకారులు కొందఱు ఆ పోలికను నిర్వచనముగ గ్రహించి, రాజు భూస్వామి, నాయకులు కౌలుదారులు అను సిద్ధాంతమును కట్టిరి. మఱికొందఱు ఐరోపా సామంతవ్యవస్థను ఇచ్చటికి దిగుమతి చేసిరి. మన శాసనములందలి 'అమరనాయంకర' పదము రెందేరులో ఇముడదు. అమరము సైనిక సేవకై ఇయ్యబడిన భూమి. గుత్తదారునకు సైన్యమును పోషింపవలసిన విధి లేదు. నేలటూరి వేంకటరమణయ్యగారు 1935లో ప్రకటించిన విజయనగర తృతీయ వంశ చరిత్రాధ్యయనములలో విదేశీయుల వృత్తాంతములను శాసనములతో సరిచూచు పద్ధతికి దారి చూపియున్నారు. శాసనమునందలి మాటను ప్రధానముగ నుంచుకొని పోర్చుగీసు మాటను దానికి సాక్షిగ పిలుచుట ఉచితము; సాక్షిని న్యాయాధిపతిని చేయుట ఉచితము కాదు.

సంఖ్యలు వ్రాయు రీతినిగూర్చి విద్యార్థులను ముందే హెచ్చరింపవలెను. 'కొంతు' అనగా పది లక్షలు. ఖాతాయను అర్థము గల 'కొంత'కు ఇది సోదరపదము. రెండింటికిని మూలము లెక్కించుట యను అర్థముగల లాటిను ధాతువు. కొంతునకు కథ యను అర్థమును కలదు. లెక్కించుటకును, కథ చెప్పుటకును ఆ భాషలో క్రియ యొకటియే. సులభముగ నమ్మువానిని మోసగించుటను వారు 'కొంతు దు విగారియు' అందురు. ఇచ్చట కొంతు కట్టుకథయే కాని పది లక్షలు కాదు. వేయి రెయిష్‌లు ఒక 'మిల్‌రెయిష్'. వ్రాయునప్పుడు వేయికిని నూఱులకును నడుమ రెండు నిలువు గీతల సకారాకృతి గుర్తును ఉంచుదురు. కొంతునకు తరువాత రెండు చుక్కలు పెట్టుదురు. 1:000$000 అనిన పది లక్షల రెయిష్‌లు, అనగా ఒక కొంతు. ఈ గుర్తును చూచి డాలరులని తలచుట క్రొత్తవారికి సహజము. 1911లో పోర్చుగలు గణతంత్ర ప్రభుత్వము ఒక మిల్‌రెయిష్‌ను ఒక 'ఎస్కూదు'గ మార్చినప్పుడు గుర్తు తన స్థానము వదలలేదు. దాని ఎడమ ఎస్కూదులు, కుడి సెంతావులు నిలిచెను. వేయి ఎస్కూదులను ప్రజలు కొంతు అనియే పిలుచుచు 2002లో యూరో నోట్లు వచ్చువఱకు ఇండ్లకు, బండ్లకు ధరలు కొంతులలోనే చెప్పుకొనిరి. నాణెము పోయినను లెక్కపదము నిలుచుట మనకును తెలిసినదే; అణాలు పోయిన పిమ్మటను పదియాఱణాల తెలుగుతనము పోలేదు.

రెయిష్ యనునది 'రెయాల్' శబ్దమునకు పాత బహువచనము. రాజసంబంధి యని అర్థము. 1994 జూలై 1న బ్రెజిలు ప్రవేశపెట్టిన నాణెమునకును రెయాల్ అనియే పేరు. కాని దాని బహువచనము 'రెయాయిస్'. బహువచనమును చూచియే పత్రము ఏ కాలపుదో చాలవఱకు చెప్పవచ్చును.

ఇంతవఱకు రాజుల ధనము. ఇక గృహస్థుని ధనము. ధనమునకు సాధారణ పదము 'దిన్యేరు'. ఇది రోమనుల వెండి నాణెమైన దెనారియస్‌నుండి పుట్టినది. అరబ్బుల దీనారు, మన సంస్కృత శాసనములలోని దీనారము ఈ వంశములోనివే. శ్రీనాథుని కనకాభిషేక కథ వినిన తెలుగువానికి ఈ శబ్దము పరాయిది కానేరదు. వడ్డీకి 'జూరు', హక్కు, ధర్మము అను అర్థముగల లాటిను శబ్దమునుండి వచ్చినది. వడ్డీని పాపముగ నెంచిన క్రైస్తవ మతశాసనముల నడుమ, రాజు తనకప్పిచ్చిన వారికి ఏటేట కొంత మొత్తమును పొందు హక్కును పత్రరూపమున అమ్మెను. పాపపు పేరు గల వడ్డీకి ధర్మపు పేరు ఇట్లు దొరికినది. నిలువకు 'సాల్దు', గట్టిది యని మూలార్థము. పొదుపునకు 'పోపాంస', దీని మూలధాతువునకు మెల్లగ తాకుట, నిమురుట అని లాటినులో అర్థము. ధనమును గట్టిగ పట్టక మృదువుగ తాకువాడే పొదుపరి యను భావము మాకు మిగుల నచ్చినది. సుంకపు కార్యాలయమునకు 'అల్ఫాందెగ'. అరబ్బుల సత్రమునకు గల పేరు. హుండీవంటి మారకపత్రమునకు 'లెత్ర'. అక్షరము, చేవ్రాత, పాటలోని సాహిత్యము కూడ లెత్రయే గనుక సందర్భము ననుసరించి గ్రహింపవలెను. తాకట్టునకు 'పెన్యోర్', హామీదారునకు 'ఫియదోర్'.

ఈ చివరి పదమునకు మూలము నమ్ముట. నమ్మి ఇచ్చిన అరువు 'ఫియాదు'. బ్రెజిలు దేశపు చిన్న అంగళ్లలో 'అరువు రేపు మాత్రమే' అను అర్థముగల బల్ల వ్రేలాడుచుండును. మన కిరాణా కొట్లలోని 'అప్పు రేపు' అను బల్లకు ఇది అక్షరాల తోబుట్టువు. ఒకరినుండి ఒకరు నేర్చిరని చెప్పుటకు ఆధారము లేదు; వర్తకుని బాధ ఎల్లెడల నొకటియే గనుక మాటయు ఒకటియే పుట్టియుండును.

'పెకూలియు' అను పదమును మాత్రము అర్థము చెప్పి విడువ వీలులేదు. లాటినులో పశువునకు గల పేరునుండి పుట్టినది ఇది. సంస్కృత 'పశు' శబ్దమును అదే మూలమునకు చెందినది. తెలుగునాట కొన్ని ప్రాంతములలో 'సొమ్ములు' అనిన పశువులను అర్థము నేటికిని కలదు. రోమను ధర్మశాస్త్రమున పెకూలియు బానిస తనదిగ కూడబెట్టుకొన్న కొద్ది ఆస్తి. బ్రెజిలులో 1871 సెప్టెంబరు 28 నాటి శాసనము బానిస తల్లులకు అటుపై పుట్టు బిడ్డలు స్వతంత్రులని చెప్పుటయే గాక, బానిసకు పెకూలియు కూడబెట్టు హక్కును, దానితో తన విడుదలను కొనుక్కొను హక్కును గుర్తించెను. 1861లో స్థాపింపబడిన కైష ఎకనోమిక యను పొదుపు బ్యాంకులో అట్టివారి ఖాతాలుండెను. 1888 మే 13న బానిసత్వము సంపూర్ణముగ రద్దగువఱకు ఆ పుస్తకములలోని సాల్దు యనగా ఒక మనిషి తన స్వేచ్ఛకు ఎంత దూరమున నున్నాడో చెప్పు అంకె. వాచకములోని పట్టికయందు 'పెకూలియు – చిన్న నిలువధనము' అని చదివి ముందునకు పోవు విద్యార్థికి ఇదంతయు తెలియదు.

పోపాంసకును ఇట్టి చరిత్రమే కలదు. ద్రవ్యోల్బణముచే బ్రెజిలు నాణెము 1942నుండి 1994 లోపల క్రుజేరు, క్రొత్త క్రుజేరు, క్రుజాదు, క్రొత్త క్రుజాదు, మరల క్రుజేరు, క్రుజేరు రెయాల్ అని పలుమాఱులు పేరు మార్చుకొనెను. 1964 మొదలు 'ద్రవ్య సవరణ' అను పద్ధతిచే పొదుపు ఖాతా విలువను ధరలతోపాటు పెంచుచు వచ్చిరి గనుక సామాన్యులు పోపాంసనే నమ్ముకొనిరి. 1990 మార్చిలో అధ్యక్షుడు కొల్లోర్ ప్రభుత్వము 50,000 క్రొత్త క్రుజాదులకు మించిన నిలువలను పొదుపు ఖాతాలతో సహా 18 నెలలు స్తంభింపజేసెను. ఆ తరము వారికి పోపాంస పేరు వినగనే 'కొంఫిస్కు', అనగా జప్తు, అను మాట తోడుగ తట్టును. మృదువుగ తాకుట యను మూలార్థమునకు ఎంత దూరము!

పోర్చుగలు, బ్రెజిలు వాడుకలు పలుతావుల వేఱు. బ్యాంకునుండి సొమ్ము తీయుటకు లిస్బన్‌లో 'లెవంతార్', ఎత్తుట; బ్రెజిలులో 'సకార్', లాగుట. 'ప్రోపిన' యనిన పోర్చుగలులో విశ్వవిద్యాలయమునకు కట్టు బోధనరుసుము, బ్రెజిలులో లంచము. బోధనరుసుము కట్టివచ్చితినని లిస్బన్ విద్యార్థి రియోలో చెప్పినచో వినువారు ఉలికిపడుదురు. మొజాంబిక్ నాణెమునకు 'మెతికాల్' అని పేరు. ఇది పోర్చుగీసు పదము కాదు, అరబ్బుల బంగారు తూకము 'మిత్కాల్'. అబ్దుర్ రజాక్ వరాహను తూచినదియు దానితోనే.

గోవా పత్రములను చూడబోవు వారికి మఱికొన్ని వివరములు అవసరము. 1864లో లిస్బన్‌లో వెలసిన బంకు నసియొనాల్ ఉల్త్రమరీను 1868లో గోవాలో శాఖను తెఱచెను. ఆ కాలపు లెక్కలలో 16 తంగలు ఒక రూపియ, తంగకు 60 రెయిష్‌లు. పదునాఱవ శతాబ్దపు తంగయు 60 రెయిష్‌లే గనుక రెండును ఒకటేనని తలచరాదు. రెయిష్ విలువయే మారిపోయినది. 1959లో రూపియ స్థానమున ఎస్కూదు వచ్చి, 1961 డిసెంబరున గోవా భారతదేశమున చేరిన పిమ్మట తొలగిపోయెను.

పణజిలోని రాజ్యాభిలేఖాగారమునందు లిస్బన్‌తో ఏటేట జరిగిన ఉత్తరప్రత్యుత్తరముల సంపుటములు 'వర్షర్తు గ్రంథములు' అను పేర నున్నవి. వానిని చదువువారికి మిక్కిలి సహాయకారి గోవా పండితుడు సెబస్తియావ్ రొదోల్ఫు దల్గాదు 1919లోను 1921లోను రెండు సంపుటములుగ ప్రకటించిన పోర్చుగీసు–ఆసియా పదకోశము. దానిని తెఱచునప్పుడు మనవారు చేయు పొరపాటొకటి కలదు. షరాఫు, షెరఫిం మున్నగు షకారాది పదములను సకారము క్రింద వెదకి, లేవని నిరాశపడుదురు. పోర్చుగీసువారు షకారమును ఇంగ్లీషువారు ఎక్స్ అని పిలుచు అక్షరముతో వ్రాయుదురు; కావున ఆ పదము లన్నియు రెండవ సంపుటపు చివరి పుటలలో నుండును. చతిం మొదటి సంపుటములోనిది. పాతవ్రాతలలో అనునాసికమునకు మారుగ మకారమును, ఇకారమునకు మారుగ వేఱొక ఇకారాకృతిని వాడుట కలదు గనుక, ఒక రూపమున దొరకని పదమును రెండు మూడు రూపముల వెదకిన పిమ్మటనే ప్రక్కకు పెట్టవలెను.